నూనె గొట్టం చిన్నదే, ఇంజన్ భారం దానిమీదే



ఇంజన్‌లో నీళ్లు తగ్గితే అది చెప్పి చెడిపోతుంది. టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంది, బండి పక్కకు తీసి ఆపుకునే వ్యవధి డ్రైవరుకు దొరుకుతుంది. నూనె పోతే అంత వ్యవధి ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రబల్బు వెలిగేసరికే బేరింగుల దగ్గర నూనె పొర పలచబడిపోయి ఉంటుంది. మన చూపు ఆ బల్బు మీద పడి, బండి ఓరకు తీసి, తాళం తిప్పేలోగా ఇంజన్ పట్టేయవచ్చు. పాత పెట్రోలు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఈ నూనెను ఇంజన్ బయటికి తెచ్చి, చల్లబరిచి, మళ్లీ లోపలికి పంపే గొట్టం ఒకటుంది. దాని పేరు ఆయిల్ కూలర్ పైపు. అది ఎందుకు చెడుతుంది, ఎలా మార్చాలి, మార్చాక తాళం తిప్పే ముందు ఏం చేయాలి అన్నది ఈనాటి మన విషయం.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ముద్దనూరు చుట్టుపక్కల బండ్లు తోలేవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సి ఉంది. మన కాళ్ల కింద ఎక్కువగా ఉన్నది సున్నపురాయి. నాపరాళ్లు తీసేదీ ఆ రాతిలోంచే, సిమెంటు కాల్చేదీ ఆ రాతితోనే. పక్కనే రాయలసీమ థర్మల్ పవర్ స్టేషన్. గనుల దారుల్లో రాతి దుమ్ము, రోడ్ల మీద సిమెంటు దుమ్ము, బూడిద లారీలు పోయే దారిలో బూడిద. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటి కాస్తుంది. ఇంకోవైపు గండికోట చూడ్డానికి, పెన్నా గట్లమీది మట్టిదారుల్లో తిరగడానికి పాత జీపులు, జిప్సీలు వేసుకుని సరదాగా వచ్చేవాళ్లూ ఉన్నారు. వేడి, దుమ్ము, రాళ్లదారి. ఆయిల్ కూలర్ పైపుకు గిట్టనివి ఈ మూడే.

అసలు నూనెను చల్లబరచడం ఎందుకు? ఇంజన్ నూనె పని జారుడు ఒక్కటే అనుకుంటాం. పిస్టన్ల అడుగున, క్రాంకు బేరింగుల్లో పుట్టే వేడిని మోసుకొచ్చి కింద చాంబరు అనే నూనె తొట్టిలో దించేదీ నూనే. మామూలుగా అది 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇబ్బంది లేదు. లో గేరులో గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ జోరుగా తిరుగుతుంది, బండి మాత్రం నడక వేగంతో పోతుంది. ఎదురుగాలి ఉండదు. అప్పుడు నూనె వేడి 120, 130కి పోతుంది. డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది చూడండి. అందులో 50 అన్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర నూనె చిక్కదనాన్ని బట్టి ఇచ్చింది. 130 డిగ్రీల దగ్గర ఆ చిక్కదనం దాదాపు సగానికి పడిపోతుంది. నూనె పలచనైతే ప్రెషర్ తగ్గుతుంది, లోహానికీ లోహానికీ మధ్య ఉండాల్సిన పొర సన్నబడుతుంది. అందుకే కష్టమైన పని చేసే ఇంజన్లకు కూలరు పెడతారు.

మన షెడ్లలో మేస్త్రీలకు ఆయిల్ కూలరు కొత్త వస్తువేమీ కాదు. చాలా లారీ ఇంజన్లలో అది బ్లాకును అంటిపెట్టుకుని, రేడియేటర్ నీళ్లతోనే చల్లబడుతుంది. పాత పెట్రోలు బండ్లలో కొన్నిటికి వేరే పద్ధతి. రేంజ్ రోవర్ సంగతి తీసుకుందాం. ఆ బండి 1970లో వచ్చింది. దాని 3.5 లీటర్ల అల్యూమినియం వి-8 ఇంజన్ మొదట అమెరికాలో బ్యూక్ కంపెనీ చేసుకున్నది. ఆ హక్కులను ఇంగ్లండులోని రోవర్ కంపెనీ 1965లో కొనుక్కుంది. ఆ ఇంజన్‌తో వచ్చిన పాత రేంజ్ రోవర్, ల్యాండ్ రోవర్ బండ్లలో కొన్నిటికి రేడియేటర్ ముందు చిన్న జల్లెడలాంటి కూలరు ఉంటుంది. ఇంజన్ ముందు భాగంలో ఉన్న ఆయిల్ పంపు దగ్గరి నుంచి ఒక పైపు కూలరుకు పోతుంది, ఇంకో పైపు తిరిగి వస్తుంది. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీని రాలీలకూ కొండదారులకూ వాడేవాళ్లలో కొందరు విడిగా కూలరు బిగించుకుంటారు. ఇంజన్‌కూ ఆయిల్ ఫిల్టరుకూ నడుమ ఒక ప్లేటు పెట్టి, అందులోంచి రెండు పైపులు ముందుకు లాగుతారు. ఏర్పాటు ఏదైనా, నూనె ఈ పైపుల గుండానే కూలరుకు పోయి రావాలి. వెనకనుంచి పంపు తోస్తూ ఉంటుంది. పైపు తెగితే చాంబరులో ఉన్న నాలుగైదు లీటర్లు చూస్తుండగానే రోడ్డు పాలవుతాయి.

ఈ పైపుకు రెండు కొసలా ఇనుప గొట్టం, నడుమ రబ్బరు గొట్టం ఉంటాయి. రబ్బరు ఎందుకంటే, కూలరు బండి బాడీకి బిగించి ఉంటుంది, ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును నడిమి రబ్బరు మింగేయాలి. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి రబ్బరు గట్టిపడి, పైన సన్నటి బీటలు వస్తాయి. ఇనుమూ రబ్బరూ కలిసే చోట నొక్కి బిగించిన కప్పు దగ్గర నూనె చెమరుస్తుంది. చక్రాలు ఎగదోసిన రాయి తగిలి ఇనుప గొట్టం మీద రంగు లేస్తే అక్కడ తుప్పు మొదలవుతుంది. పైపును పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోతే, ఊగిన ప్రతిసారీ గొట్టం ఛాసీకి రాసుకుని ఒకచోట సన్నబడుతుంది. ఇవేవీ ఒక్కరోజులో జరిగేవి కావు. చూడగలిగినవాడికి నెలల ముందే కనిపిస్తాయి.

ఎలా చూడాలి? మన దుమ్ము ఇక్కడ మనకు మేలే చేస్తుంది. పొడి ఇనుము మీద దుమ్ము తెల్లగా ఉంటుంది, ఊదితే పోతుంది. నూనె చెమర్చిన చోట అదే దుమ్ము నల్లగా గడ్డకడుతుంది. బానెట్ ఎత్తి, టార్చి వేసి పైపులు మొదటినుంచీ చివరిదాకా చూడండి. ఎక్కడ నల్లటి పెచ్చు కట్టిందో అక్కడ డీజిలుతో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బండి పది నిమిషాలు ఆడించి మళ్లీ చూడండి. తడి మళ్లీ కనిపిస్తే అనుమానం తీరిపోయినట్టే. అయితే నూనె కారే చోటు, అది చేరే చోటు ఒకటి కాకపోవచ్చు. రేడియేటర్ ఫ్యాను గాలి నూనెను వెనక్కి కొడుతుంది. గేర్‌బాక్సు కింద చుక్కలు పడుతున్నాయని గేర్‌బాక్సు విప్పినవాళ్లున్నారు. తడి మొదలైన చోటు ఎప్పుడూ పైనా ముందూ వెతకాలి.

షెడ్డు దగ్గర తరచుగా వినిపించే సంభాషణ ఒకటి చెబుతాను. బండాయన అంటాడు, "రవ్వంత కారతాంది అన్నా, టేపు చుట్టి పంపించు, గండికోట పొయ్యొచ్చి మార్పిస్తా." మేస్త్రీ అంటాడు, "రవ్వంత కారేది బండి నిలబెట్టినప్పుడు సామీ. రోడ్డు మీద ప్రెషరుతో కొట్టేటప్పుడు నువ్వు కిందికి వంగి చూస్తాండావా?" ఆ మేస్త్రీ మాటే నిజం. ఆగి ఉన్న ఇంజన్‌లో పైపు మీద ఒత్తిడి లేదు. పరుగులో ఉన్నప్పుడు చదరపు అంగుళానికి 30, 40 పౌండ్లు, కొన్ని ఇంజన్లలో ఇంకా ఎక్కువ. టేపు, ఎం-సీల్, సైకిలు ట్యూబు ముక్క ఆ వేడి నూనె ముందు నిలవవు. ఇంకొందరు చెడిన ముక్క కోసేసి, రేడియేటర్ నీళ్ల పైపు ముక్క తొడిగి క్లిప్పులు బిగిస్తారు. నీళ్ల పైపు రబ్బరు నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఒకనాడు క్లిప్పు కిందనుంచి జారిపోతుంది. ఈ రెండు పనులూ చేయవద్దు, చేయించవద్దు.

సరే, కొత్త పైపు ఎక్కడ దొరుకుతుంది? పాత బండికి కంపెనీ పైపు దొరికితే అంతకన్నా మంచిది లేదు. దొరకకపోతే మన ప్రాంతానికి ఒక వసతి ఉంది. గనుల్లో లోడర్లు, ఎక్స్‌కవేటర్లు తిరిగే చోట హైడ్రాలిక్ పైపులు ప్రెస్ చేసి ఇచ్చే షాపులుంటాయి. పాత పైపు కొసలు నిలుపుకుని, నడుమ కొత్త రబ్బరు పైపు నొక్కి ఇవ్వగలరు. అక్కడ అందరూ ప్రెషర్ గురించి అడుగుతారు. దానికి లోటు లేదు. హైడ్రాలిక్ పైపు చదరపు సెంటీమీటరుకు వందల కిలోల ప్రెషర్ తట్టుకుంటుంది, మన ఇంజన్ నూనె మామూలుగా మూడు నాలుగు కిలోలు దాటదు. అడగాల్సింది వేడి గురించి. మామూలు ఒకతీగ, రెండుతీగల అల్లిక హైడ్రాలిక్ పైపులు 100 డిగ్రీల వరకే చేసినవి. ఇంజన్ నూనె అంతకన్నా వేడెక్కుతుందని ఇందాక చెప్పుకున్నాం. కాబట్టి ఎక్కువ వేడికి తగిన పైపే కావాలని నోరు తెరిచి అడగండి. లోపలి రంధ్రం పాతదానికన్నా సన్నంగా ఉండకూడదు. పొడవు పాతదానితో కొలిచి చేయించండి. పొట్టిదైతే ఇంజన్ ఊగినప్పుడు లాగుతుంది, పొడుగుదైతే వేలాడి ఫ్యానుకో సైలెన్సరు గొట్టానికో తగులుతుంది.

ఇంకో జాగ్రత్త మరల విషయంలో. ఇంగ్లండు బండ్లలో అంగుళాల మర, జపాను బండ్లలో మిల్లీమీటర్ల మర, మన హైడ్రాలిక్ షాపుల్లో ఎక్కువగా బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు) మర. చూపుకు ఒకేలా ఉంటాయి. వేరే మర పెడితే ఒకటి రెండు చుట్లు సాఫీగా తిరిగి పట్టేస్తుంది. తుప్పనుకుని పానాతో బలవంతంగా తిప్పితే కూలరుది అల్యూమినియం కాబట్టి లోపలి మర తునిగిపోతుంది. అప్పుడు పైపుతో పాటు కూలరూ మార్చాలి. పిచ్ గేజితో మర కొలిచి చూసిన తర్వాతే కొత్త నట్టు కొనాలి.

ఇక పని. ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేయండి. మర్నాడు బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత నూనె దించండి. మరిగే నూనె చేతుల మీద పోసుకోవద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. బండి కిందికి దూరాల్సి వస్తే మన దగ్గర ఒక చెడ్డ అలవాటుంది, చేతికి దొరికిన నాపరాళ్లు పేర్చి బండిని వాటిమీద నిలపడం. నాపరాయి పొరలు పొరలుగా ఉండే రాయి. ఒకేచోట బరువు పడితే ముందు చెప్పకుండా పగులుతుంది. గట్టి కొయ్య దిమ్మె మీద జాకీ, దాని పక్కన ఇనుప స్టాండు. అంతకు తక్కువ ఏర్పాటుతో బండి కింద పడుకోవద్దు.

నట్టు విప్పే ముందు ఆ చుట్టుపక్కలంతా కడిగి తుడవాలి. ఇది శుభ్రత ముచ్చట అనుకోకండి. సున్నపురాయి పొడి మెత్తనిదే. కానీ దారి మట్టిలోని ఇసుక, బూడిదలోని గాజులాంటి రేణువు మెత్తనివి కావు. కొన్ని ఏర్పాట్లలో కూలరు నుంచి తిరిగొచ్చిన నూనె ఫిల్టరు దాటకుండానే బేరింగులకు పోతుంది. అక్కడ ఒక ఇసుకరేణువు గీసే గీత ఇంజన్ విప్పేదాకా మానదు. పాత పైపు ఊడదీయగానే తెరిచిన నోళ్లన్నిటికీ శుభ్రమైన ప్లాస్టిక్ మూత పెట్టండి. పీచు రాలే గుడ్డ ముక్క కుక్కవద్దు.

కూలరు దగ్గర నట్టు విప్పేటప్పుడు తప్పనిసరిగా రెండు పానాలు కావాలి. ఒకటి కూలరు మూతిని కదలకుండా పట్టి ఉంచడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే నట్టుతో పాటు పలచటి అల్యూమినియం మూతి మెలితిరిగి చిరిగిపోతుంది. పాత రేంజ్ రోవర్ బండ్ల పని చేసినవాళ్లందరికీ తెలిసిన బాధ ఇది. ఎంతకీ రాకపోతే నట్టును నిలువునా కోసి తీయడం మేలు. పైపు ఎలాగూ పారేసేదే, కూలరు పారేసేది కాదు. పైపులు తీసి ఉన్నప్పుడే కూలరు రెక్కల సందులు కూడా చూసుకోండి. సిమెంటు దుమ్మూ తడీ కలిసి అక్కడ గట్టిపడి ఉంటే గాలి దూరదు, కొత్త పైపు వేసినా నూనె చల్లబడదు. మెత్తటి బ్రష్షుతో, వెనకనుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగండి. ఇంతకుముందు ఎప్పుడైనా ఆ ఇంజన్‌లో బేరింగులు పోయి ఉంటే, ఆ పొడి కూలరు లోపల దాగి ఉంటుంది. ఎంత కడిగినా మొత్తం రాదు. కూలరు మార్చడమే మంచిది.

కొత్త పైపు బిగించేటప్పుడు రాగి వాషర్లున్న చోట కొత్తవి వేయండి. కొత్తవి లేకపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి, మెత్తనిదే చక్కగా అతుక్కుంటుంది. రబ్బరు రింగులకు కొంచెం నూనె రాయండి. నాలుగు కొసలూ ముందు చేతివేళ్లతోనే ఎక్కించి, పైపు ఎక్కడా తగలకుండా సర్ది, క్లిప్పులు పెట్టి, అప్పుడు పానా పట్టండి. క్లిప్పు లేని పైపు సగం పనే.

ఇప్పుడు అసలు ఘట్టం. చాలామంది పైపు బిగించి, కొత్త నూనె పోసి, సెల్ఫ్ కొట్టి ఇంజన్ ఎక్కిస్తారు. పైపులు, కూలరు, ఫిల్టరు అన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటిని నింపేదాకా బేరింగులకు నూనె చేరదు. పాత రోవర్ వి-8లో ఇంకో చిక్కుంది. దాని పంపు చాంబరులో నూనె మట్టానికి పైన ఉంటుంది. పైపులు విప్పినప్పుడు అందులోని నూనె జారిపోతే, పంపు గాలిలో తిరుగుతుందే గానీ నూనెను లాగదు. ఇది మన రైతులకు చెప్పక్కర్లేదు. బావి మోటారులో నీళ్లు దిగిపోతే పైనుంచి నీళ్లు పోసి నింపితేగానీ అది ఎత్తదు కదా, ఇదీ అంతే. అందుకే ఆ ఇంజన్లలో పంపు మూత విప్పితే, పళ్లచక్రాల సందుల్లో వ్యాసెలిన్ నింపి మూయమని కంపెనీ పుస్తకమే చెబుతుంది. గ్రీజు పెట్టకూడదు. వ్యాసెలిన్ వేడికి కరిగి నూనెలో కలిసిపోతుంది, గ్రీజు కలవదు.

ఏ ఇంజన్ అయినా సరే, పద్ధతి ఇది. నిలువుగా బిగించే ఫిల్టరైతే అందులో ముందే నూనె నింపి బిగించండి. కొత్త నూనె గీత దాకా పోయండి. కాయిల్ నుంచి పోయే పెద్ద వైరు పీకి ఇంజన్ ఇనుముకు ఆనించండి. ఇంజెక్షన్ బండైతే పెట్రోలు పంపు ఫ్యూజు కూడా తీసేయండి. ఊడదీసిన బ్యాటరీ వైరు తిరిగి తగిలించండి. ఇప్పుడు ఇంజన్ అంటుకోదు, తిరుగుతుంది. సెల్ఫ్ పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆగి, మళ్లీ కొట్టండి. ఎర్రబల్బు ఆరేదాకా, ప్రెషర్ గేజి ఉంటే ముల్లు లేచేదాకా అలాగే చేయండి. ఎన్నిసార్లు కొట్టినా బల్బు ఆరకపోతే, స్టార్టు చేస్తే అదే ఆరుతుందిలే అని ధైర్యం చేయవద్దు. పంపు నూనె ఎత్తలేదని దాని అర్థం. విప్పి, పంపుకు నూనె పట్టించి మళ్లీ మొదలుపెట్టాలి.

బల్బు ఆరాక వైరు, ఫ్యూజు తిరిగి పెట్టి స్టార్టు చేయండి. యాక్సిలరేటర్ తొక్కవద్దు. రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి, అంతసేపూ ఒకరు బల్బునూ ఇంకొకరు నాలుగు కొసలనూ చూస్తూ ఉండాలి. తర్వాత ఆపి, పది నిమిషాలు ఆగి, నూనె మట్టం కొలిచే కడ్డీ తీసి చూడండి. కూలరూ పైపులూ నింపుకున్నంత మేర మట్టం తగ్గి ఉంటుంది, అంత పోయండి. ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా పోయొచ్చాక మళ్లీ టార్చి వేసి చూడండి. ఎక్కడా తడి లేకపోతే పని పూర్తయినట్టు.

దించిన పాత నూనెను మట్టిలో పోయవద్దు, పొయ్యిలో వేయవద్దు. వాడిన ఇంజన్ నూనె ఒంటికి పదే పదే తగిలితే చర్మ క్యాన్సరుకు దారితీయవచ్చు. చేతి తొడుగులు వేసుకోండి, నూనెను డబ్బాలో పట్టి పాత నూనె కొనేవాళ్లకు ఇవ్వండి.

కొందరు అడుగుతారు, ఇంత బాధెందుకు, కూలరు తీసేసి రెండు మూతులూ ఒక చిన్న పైపుతో కలిపేస్తే పోదా అని. చల్లటి దేశంలో, తారురోడ్డు మీద నడిచే బండికి అది చెల్లవచ్చు. మే నెలలో మన రాళ్లదారిలో లో గేరు వేసేవాడికి చెల్లదు. కూలరు వద్దనుకుంటే గుట్టలూ వద్దనుకోవాలి.

పాత పెట్రోలు బండిని ఉంచుకున్నవాళ్లు దానిమీద ప్రేమతోనే ఉంచుకుంటారు. ఆ ప్రేమ ఎక్కువగా రంగుకూ టైర్లకూ పోతుంది. పైపు తెగి ఇంజన్ పట్టేస్తే క్రాంకు గ్రైండింగు, బేరింగులు, బ్లాకు పని అన్నీ మీద పడతాయి. ఆ ఖర్చులో పైపు ధర ఏ మూలకూ రాదు. మీరే స్వయంగా పని చేయనవసరం లేదు. షెడ్డుకు పోయినప్పుడు మేస్త్రీని మూడు ప్రశ్నలు అడగండి: ఈ పైపు ఎంత వేడికి తట్టుకుంటుంది? కూలరు దగ్గర రెండు పానాలు పట్టావా? కాయిల్ వైరు పీకి బల్బు ఆరేదాకా తిప్పావా? మూడింటికీ సరైన జవాబు వచ్చాకే తాళం తిప్పనివ్వండి.